కనకాంబరం రంగు లిప్‌స్టిక్: తిరుపతి పార్లర్‌లో ఒక కేసు

పెళ్లికూతురి మేకప్‌లో లిప్‌స్టిక్ ఆఖరి పని. ముఖమంతా అయ్యాక, చీర రంగు ఒకసారి చూసుకుని అప్పుడు వేస్తాం. పదహారేళ్లుగా నేనూ అట్లాగే చేస్తున్నాను. ఈ ఒక్క కేసులో మాత్రం లిప్‌స్టిక్‌తో మొదలుపెట్టాల్సి వచ్చింది. తెలివితో చేసిన పని కాదు, వేరే దారి లేక చేశాను. తోటి బ్యూటీషియన్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఈ కేసులోని అమ్మాయి ఇది చదివింది, రెండు చోట్ల కొట్టేయించింది, మిగతాది వేసుకోమంది. పేరు రాయడం లేదు.

వచ్చిన రోజు

వయసు 27. ట్రాన్స్ మహిళ. ఏడాదిన్నరగా వేలూరులో డాక్టరు దగ్గర హార్మోన్ల చికిత్స తీసుకుంటోంది. బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జిలో రిసెప్షన్ పని, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. జూన్ నెల, మధ్యాహ్నం. మెట్లెక్కి వచ్చి, తలుపు మీద ‘ఆడవాళ్లకు మాత్రమే’ అని రాసిన బోర్డు దగ్గర ఆగిపోయింది.

“లోపలికి రావచ్చా అక్కా?”

అంతకుముందు రెండు పార్లర్ల నుంచి వెనక్కి వచ్చిందట. ఒకచోట ఏసీ పనిచేయడం లేదన్నారు. ఇంకోచోట ఆ రోజు ఖాళీ లేదన్నారు, కుర్చీలన్నీ ఖాళీగానే కనిపిస్తున్నా. నేను రమ్మన్నాను. నా కుర్చీలో అప్పుడు ఫేషియల్ చేయించుకుంటున్న పాత కస్టమరు ఒకావిడ ఉంది. అద్దంలోంచి నన్ను చూసింది, ఏమీ అనలేదు. తర్వాతి నెల ఫోన్ చేసి మాత్రం “ఇప్పుడు ఎవరూ లేరు కదా?” అని అడిగి వచ్చింది. ఇలాంటివి మీకూ ఎదురవుతాయి, అందుకే రాస్తున్నాను.

ఆమెకు మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా టైమిచ్చాను. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోయి లేస్తుంది కాబట్టి అదే వీలని నాకు నేను చెప్పుకున్నాను. మూడో వారం ఆమే అడిగింది: “ఎవురూ రాని టైము చూసి ఇచ్చినావా అక్కా?” నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ తర్వాత ఆమెకు ఎప్పుడు వీలైతే అప్పుడే రమ్మన్నాను.

ఏం కావాలని అడిగితే ఒక్కటే చెప్పింది. “లిప్‌స్టిక్ వేస్తే జాతర వేషం మాదిరి అయిపోతా ఉండాదక్కా. వెయ్యకపోతే అద్దంలో నేను కనిపించను.”

జాతర అంటే తిరుపతివాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం ఒక మాట. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టడం మొక్కు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వేషాలున్నాయి. మగవాళ్లు చీర కట్టి, జడ పెట్టి, బొట్టు కాటుకలతో గుడికి వెళ్తారు. ఈమెకు పదకొండేళ్లప్పుడు మేనత్త మొక్కుకుని ఆడవేషం కట్టించింది. మొదటిసారి లిప్‌స్టిక్ పడింది అప్పుడే. ఆ తర్వాత ఏటా తనే వేసుకుంది. అంటే ఆమెకు తెలిసిన మేకప్ అంతా జాతర మేకప్. ముఖం నిండా పాన్‌కేక్ అనే మందపాటి పూత, మందంగా కాటుక, ఎర్రటి ఎరుపు పెదవులు. అది వీధి ఆ చివర నిలబడినవాళ్లకు కూడా కనిపించాలని వేసేది. లాడ్జి కౌంటర్లో మనిషికీ మనిషికీ మధ్య ఉండేది మూడడుగులు.

“జాతర వారంలో చీర కడితే మా సందులో ఎవురూ తిరిగి చూడరక్కా. అయిపోయిన మర్నాడు అదే చీర కడితే అందరూ చూస్తారు” అంది. నవ్వుతూనే అంది కానీ నాకు నవ్వు రాలేదు.

నేను చేసిన మొదటి తప్పు

పెళ్లికూతుళ్లకు ట్రయల్ చేసినట్టే ఆమెకూ ఆ రోజే పూర్తి మేకప్ చేసి చూపించాను. చామనఛాయ. ఫిట్జ్‌పాట్రిక్ కొలతలో (చర్మం ఛాయకు 1 నుంచి 6 దాకా ఉండే లెక్క) 5 అనుకోవచ్చు. పై పెదవి మీద, గడ్డం కింద, దవడ వెంబడి షేవింగ్ తర్వాత మిగిలే నీలం నీడ. గడ్డం వెంట్రుక నల్లగా, మందంగా ఉండి చర్మం కింద దాని మొదలు కనిపిస్తుంటే పైకి నీలంగా, బూడిదగా తెలుస్తుంది. హార్మోన్లు వాడితే చర్మం మెత్తబడుతుంది, జిడ్డు తగ్గుతుంది, కానీ ఒకసారి వచ్చిన గడ్డం పోదు. ఈ సంగతి ఆమెకు తెలుసు. నాకే తెలియదు, ఆమె చెప్తే తెలిసింది.

ఆ నీడ మీద నేను చర్మం కంటే ఒక మెట్టు తెల్లగా ఉండే కన్సీలర్ (మచ్చలు కప్పే క్రీమ్) వేశాను. కళ్ల కింద వేసే అలవాటు చెయ్యి. నీలం మీద లేత రంగు పడితే నీలం పోదు, బూడిదవుతుంది. బూడిద కనిపించిందని ఇంకో పొర, ఆ పొర ఆరలేదని పౌడరు. మూడు పొరలయ్యేసరికి మూతి చుట్టూ గోడకు సున్నం పూసినట్టయింది. మాట్లాడితే పగుళ్లు. అరగంటకల్లా బుగ్గలు మంటెక్కాయి.

అప్పుడడిగాను, ముఖానికి ఇంట్లో ఏం రాస్తున్నావని. కుర్చీలో కూర్చోబెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న అది. బ్యాగులోంచి ఒక ట్యూబు తీసింది. మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. మంగు మచ్చలకు డాక్టర్లు కొన్ని వారాలకని రాసే మందు ఇది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని, తెల్లబడుతుందని రెండేళ్లుగా రోజూ రాస్తోంది. అందులో స్టెరాయిడ్ ఉంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు కూడా పెరుగుతాయి. గడ్డం నీడ పోగొట్టుకోవాలని తంటాలు పడుతున్న మనిషి, వెంట్రుకలు పెంచే మందు చేత్తో రాసుకుంటోంది. మన పార్లర్లకు వచ్చేవాళ్లలో ఎంతమంది బ్యాగుల్లో ఈ ట్యూబులున్నాయో అడిగి చూడండి.

దాన్ని ఉన్నట్టుండి మానేస్తే ముఖం భగ్గుమంటుంది. అందుకని నేనేమీ చెప్పకుండా రుయా ఆసుపత్రి చర్మ విభాగం ఓపీకి పంపాను. అక్కడ డాక్టరు మందును మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించారు. మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప రెండు నెలలు ముఖానికి ఏదీ రాయొద్దన్నారు. మరి పెదవులకు? వేసుకోవచ్చన్నారు.

లిప్‌స్టిక్‌తో మొదలైంది అలా.

ఖాళీ ముఖం మీద పదకొండు రంగులు

ఐదు మంగళవారాల్లో పదకొండు రంగులు చూశాం. పద్ధతి ఇది. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవికి పెట్టలేదు. స్పాచులాతో గీకి, స్పిరిట్‌తో తుడిచిన ప్లేటులో పెట్టి, కడిగిన బ్రష్షుతో వేశాను. పెదవి పక్కన లేచే నీటిపొక్కులు టెస్టర్ల ద్వారా ఒకరి నుంచి ఒకరికి వస్తాయి. షాపుల్లో అందరూ పూసుకున్న టెస్టర్‌ను పెదవికి తగిలించవద్దని ఆమెకు మొదట చెప్పింది ఇదే. ముంజేతి మీద గీసి చూసుకోవడం కూడా మాన్పించాను. ముంజేతి రంగు వేరు, పెదవి రంగు వేరు. ఆమె పై పెదవి కింది పెదవి కంటే బాగా నలుపు. ఒకే లిప్‌స్టిక్ రెండింటి మీద రెండు రంగుల్లా తేలుతుంది.

పెదవి ఎడమ సగానికి ఒక రంగు, కుడి సగానికి ఇంకో రంగు. తలుపు దగ్గర పగటి వెలుతురులో నిలబెట్టి, ఫోన్లో బ్యూటీ మోడ్ తీసేసి ఫోటో. వెంటనే ఒకటి, ఇరవై నిమిషాలకు ఒకటి. కొన్ని రంగులు పెదవి మీద పడిన పావుగంటకు గులాబీలోకి తిరుగుతాయి. డబ్బా మూత చూసి కొన్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

చర్మం ఏ రంగు వైపు మొగ్గుతుందో తెలియడానికి మణికట్టు దగ్గర నరాలు నీలమా పచ్చా అని చూసే పరీక్ష మన ఛాయలకు పెద్దగా పనిచేయదు. నేను గాంధీ రోడ్డులో మ్యాచింగ్ సెంటర్ నుంచి తెచ్చిన జాకెట్టు గుడ్డ ముక్కల్ని మెడ చుట్టూ పెట్టి చూస్తాను. ఆవపసుపు, ఇటుక రంగు, నాచు పచ్చ పెడితే ఆమె ముఖం తేటపడింది. పాలగులాబీ పెట్టగానే జ్వరం వచ్చిన మనిషిలా వాడిపోయింది. చర్మంలో పసుపూ రవ్వంత పచ్చా ఉన్నాయని అర్థం.

పుస్తకం ప్రకారం అలాంటి ఛాయకు కనకాంబరం రంగు బ్రహ్మాండంగా నప్పాలి. నేనూ అదే ముందు తీశాను. వేయగానే ఇద్దరం ఒకేసారి అద్దం నుంచి వెనక్కి జరిగాం. రంగు బాగుంది, కానీ దాని చుట్టూ నీడ రెండింతలు నీలంగా లేచింది. నారింజ, నీలం ఎదురెదురు రంగులు. పక్కపక్కన పెడితే ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి. ఫౌండేషన్ వేసి ఉంటే ఇది నాకు కనిపించేదే కాదు. సాయంత్రానికి ఫౌండేషన్ కరిగాక లాడ్జికి వచ్చినవాళ్లకు కనిపించేది.

తెల్ల సున్నం కలిపినట్టుండే లేత గులాబీలు రెండు వేశాం. పెదవులు ముఖం నుంచి విడిపోయి ముందుకొచ్చాయి, అంచుల్లో నల్లగీత తేలింది. ‘న్యూడ్’ అని అమ్మే కాఫీ రంగు ఇంకో రకం తప్పు. పెదవి చర్మంలో కలిసిపోయి, మిగిలిన మూతి అంతా నీడే అయింది. చాలామంది ట్రాన్స్ అమ్మాయిలు భయపడి ఈ రంగుకే వస్తారు, ఎవరి కంటా పడకూడదని. ఈమె ముఖానికి అది ఉన్న నీడను పెంచింది తప్ప ఏమీ దాచలేదు. నీలం కలిసిన ముదురు ఎరుపు బాగుంది, పళ్లు తెల్లగా కనిపించాయి. “జాతరా!” అని తనే తుడిచేసింది.

నిలిచినవి మూడు. గెనుసుగడ్డ తొక్క రంగు, అంటే గులాబీ, గోధుమ, కొంచెం ఊదా కలిసింది. పలచగా వేసిన ఇటుక రంగు. మూడోది నేరేడు పండు రంగు. ఈ మూడోదాన్ని నేను పక్కన పెట్టేశాను.

“చూపంతా నోటి మీదికి పోతుంది మా” అన్నాను.

“పోనీలేక్కా. గడ్డం మీదికి పోయేదానికన్నా మేలు కదా. మాట్లాడేదీ దాంతోనే.”

నేరేడు రంగులోని ఊదా, నీడలోని నీలానికి దగ్గర చుట్టం. అందుకే రెండూ కొట్లాడుకోవు, నీడ వెనక్కి తగ్గుతుంది. ఈ లెక్క నేను రాత్రి ఇంటికెళ్లి ఫోటోలు చూసుకున్నాక వేసింది. ఆమె అద్దంలో చూసి క్షణంలో చెప్పేసింది.

మెరుపు లేకుండా ఆరిపోయే మాట్ లిక్విడ్ రకాలు మొత్తం వదిలేశాం. ఆమె పెదవులు పొడిబారి ఉన్నాయి. మాట్ ఆరాక గీతలన్నీ లెక్కపెట్టేలా తేలాయి, సన్నటి పై పెదవి ఇంకా సన్నబడింది. కొంచెం మెరుపున్న క్రీమ్ రకమే నిండుగా కనిపిస్తుంది.

గీత గీయడం

పెదవి అంచు గీత గీయడంలో నేను చెయ్యి పెట్టలేదు. నేను వేస్తే రెండు నిమిషాలు, ఆమె వేస్తే ఇరవై. కానీ రాత్రి ఏడింటికి లాడ్జికి బయలుదేరేటప్పుడు ఆమె గదిలో నేను ఉండను కదా.

జాతర అలవాటుతో మూల నుంచి మూలకు ఒకే గుంజుడు గుంజేది. దాన్ని ముక్కలు చేశాం. మోచేయి టేబుల్ మీద, చిటికెన వేలు గడ్డానికి ఆన్చి. పై పెదవి నడిమి వంపు దగ్గర చిన్న ఇంటూ గుర్తు, కింది పెదవి నడుమ ఒక చిన్న గీత, మూలల నుంచి లోపలికి కలపడం. ముక్కుకూ పై పెదవికీ మధ్య దూరం మగ హార్మోన్‌తో పెరిగిన ముఖాల్లో సాధారణంగా ఎక్కువ. అందుకని నడిమి వంపు దగ్గర మాత్రం ఒక మిల్లీమీటరు బయటికి గీయమన్నాను. మూలల్లో బయటికి గీస్తే మూతి కిందికి జారినట్టుంటుంది. గీత గీసే లైనర్ పెన్సిల్, లిప్‌స్టిక్ కంటే ముదురు ఉంటే గీత వేరుగా, రంగు వేరుగా కనిపిస్తాయి. రెండూ ఒకే ఛాయ కావాలి.

మూడు వారాలు గీత వంకర పోయింది. ఒకరోజు విసుగొచ్చి పెన్సిల్ పారేసింది. టీ తెప్పించాను. టీ తాగాక గ్లాసు అంచుకు అంటిన రంగు చూసి, “దీని మీద మాత్రం సరిగ్గా పడింది చూడక్కా” అంది. నాలుగో వారానికి చెయ్యి కుదిరింది.

పారేయబోయిన రంగుతో

సెప్టెంబరు నాటికి డాక్టరు పలచటి మేకప్‌కు ఒప్పుకున్నారు. ఇప్పుడు మాకు ఎటు పోవాలో తెలుసు. పెదవి నేరేడు రంగు, ముఖం దానికి సరిపోతే చాలు.

నీడను కొట్టేసేది దానికి ఎదురు రంగే. లేత చర్మానికి పీచ్ పండు రంగు, మన ఛాయలకు నారింజ. నారింజ కరెక్టర్ కొనబోతుంటే ఆమె అడ్డుపడి, సొరుగులో మిగిలిపోయిన ఆ కనకాంబరం లిప్‌స్టిక్ చూపించింది. పెదవి మీద నీడను ఎగదోసింది అదే. నీడ మీదే వేస్తే? ఉంగరపు వేలితో గోరంత తీసి, నీలం ఉన్నచోట మాత్రమే అద్దాం. రుద్దలేదు, రుద్దితే పక్కకు పాకుతుంది. నీలం పోయి వెచ్చటి గోధుమ రంగు వచ్చింది. లిప్‌స్టిక్‌లో మైనం, నూనె ఎక్కువ కాబట్టి పైన పలచగా పౌడరు అద్ది, రెండు నిమిషాలాగి, ఆమె చర్మానికి సరిగ్గా సరిపోయే ఫౌండేషన్‌ను తడి స్పాంజితో తట్టాం. మళ్లీ పౌడరు. బుగ్గలకు, నుదుటికి ఏమీ వేయలేదు. మొదటి రోజు నేను వేసినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. (మొటిమలు, మంట ఉన్న చర్మం మీద లిప్‌స్టిక్ ఇలా వాడొద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి. రోజూ వాడాలంటే కరెక్టర్ కొనుక్కోవడమే మంచిది. తర్వాత ఆమె కూడా కొనుక్కుంది.)

షేవింగ్ వేళ కూడా మార్చాం. డ్యూటీకి పది నిమిషాల ముందు చేసి, పటిక రుద్ది, వెంటనే మేకప్ వేసేది. పటికతో చర్మం బిగిసి పౌడరు తెల్లగా పేరుకునేది. ఇప్పుడు సాయంత్రం ఐదున్నరకు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వెంట్రుక వాలిన వైపే ఒక్కసారి, తర్వాత మాయిశ్చరైజర్. గంట గడిచాకే మేకప్. థ్రెడింగ్ వద్దన్నాను. గడ్డం వెంట్రుకలు లోపలికి ముడుచుకుని గుల్లలు లేస్తాయి, ఆ గుల్లలు మచ్చలవుతాయి. పైగా లేజర్ చేయించుకోవాలంటే కుదురు చర్మంలోనే ఉండాలి.

లాడ్జి లైటు

అంతా కుదిరిందనుకుంటే, “పార్లర్‌లో బాగుండాది, ఆడ మళ్లీ నీడ వస్తా ఉండాది” అంది. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఎదురుగా సోఫాలో కూర్చున్నాను. కౌంటర్‌కు సరిగ్గా పైన తెల్లటి ఎల్ఈడీ. నెత్తి మీద నుంచి పడే వెలుగుకు ముక్కు నీడ పై పెదవి మీద, కింది పెదవి నీడ గడ్డం మీద. ఎవరి ముఖమైనా అక్కడ పదేళ్లు పెరుగుతుంది. పైగా కౌంటర్ బండ నల్లది, వెలుగంతా తాగేస్తోంది. పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్లు కింద తెల్ల థర్మాకోల్ పట్టుకోవడం గుర్తొచ్చింది. రూముల రిజిస్టరును మూయకుండా ఆమె ముందు తెరిచి పెట్టించాను, పక్కన రెండు తెల్ల కాగితాలు. కింద నుంచి వెలుగు లేచింది. పైసా ఖర్చు లేదు. ఈ కేసులో నేను చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే, చిత్రంగా అది మేకప్ కాదు.

తెల్లవారుజామున మూడింటికి రైలు దిగి వచ్చే యాత్రికుల గుంపు ఉంటుంది. అప్పటికి మేకప్ వేసి ఎనిమిది గంటలు. చెమట మీద పౌడరు వేయకుండా టిష్యూతో ఒత్తడం, పెదవి నడుమ మాత్రం మళ్లీ రంగు అద్దడం, అంతే.

ఫోటో దగ్గర ఒక దెబ్బ తిన్నాం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే గుర్తింపు కార్డుకు పాస్‌పోర్ట్ ఫోటో కావాల్సి వచ్చింది. నేనే ముచ్చటపడి ఖరీదైన హెచ్‌డీ పౌడరు వేసి పంపాను. అందులో ఉండేది సిలికా. అద్దంలో కనిపించదు, ఫ్లాష్ పడితే తెల్లగా కొడుతుంది. మూతి చుట్టూ విభూతి రాసుకున్నట్టు వచ్చింది. మర్నాడు మామూలు రంగు పౌడరుతో మళ్లీ తీయించుకుంది. ఆ రెండో ఫోటో ఖర్చు నాదే.

ఇప్పుడు

మొత్తం పద్నాలుగు సార్లు వచ్చింది. ఆమె బ్యాగులో ఇప్పుడున్నవి: కరెక్టర్, ఫౌండేషన్, పౌడరు, కాటుక, లైనర్ ఒకటి, లిప్‌స్టిక్‌లు రెండు. అన్నీ కలిపి 2,400 రూపాయలు. ఫౌండేషన్ ఒక్కటే కాస్త ఖరీదు, అక్కడ తగ్గొద్దని నేనే పట్టుబట్టాను. లిప్‌స్టిక్‌లు రెండూ చవకవే. చర్మం కుదుటపడ్డాక లేజర్ మొదలుపెట్టింది. మన ఛాయకు కాలే ప్రమాదం తక్కువని ఎన్‌డీ యాగ్ రకం ఎంచుకున్నారు. మూడు సిట్టింగులయ్యాయి, ఇంకా చాలా ఉన్నాయి. అది చేయించుకున్న రోజూ, మర్నాడూ ముఖానికి మేకప్ లేదు. ఆ రెండు రోజులు ఒట్టి లిప్‌స్టిక్‌తోనే డ్యూటీకి వెళ్తుంది. ఖాళీ ముఖం మీద ఎంచుకున్న రంగు కదా, నిలబడుతోంది.

మొన్న జాతరకు చీర కట్టి, పాత ఎరుపు వేసుకుని వెళ్లింది. నేరేడు రంగు ఏమైందంటే, “జాతరకు జాతర ఎరుపే అక్కా” అంది. మేనత్త పక్కనే నిలబడి దిగిన ఫోటో పంపింది.

పోయిన వారం మళ్లీ వచ్చింది. ఆ నేరేడు రంగు కంపెనీవాళ్లు ఆపేశారట, ఊళ్లో ఏ షాపులోనూ లేదు. వేరేవి నాలుగు తెచ్చుకుని, ఇంట్లోనే గుమ్మం దగ్గర సగం సగం పెదవికి వేసుకుని, ఇరవై నిమిషాల తర్వాతి ఫోటోలు కూడా తీసుకుని వచ్చింది. ఏది తీసుకోమంటావని అడిగింది. నేను ఎడమవైపుది చూపించాను. ఫోన్ వెనక్కి తీసుకుని, ఇంకోసారి చూసుకుని, కుడివైపుది కొనుక్కుంది.